డీన్ గారి చెవిలో హోరు

పిల్లలకి కథలు చెప్పే ఇంట్లో ఎప్పుడో ఒకప్పుడు గలివర్ పేరు వినిపించకుండా ఉండదు. ఓడ మునిగి ఒడ్డుకు కొట్టుకొచ్చిన మనిషి కళ్లు తెరిచేసరికి, జానెడైనా లేని మనుషులు వందలమంది చేరి అతన్ని సన్నటి తాళ్లతో నేలకి కట్టేసి ఉంటారు. ఆ లిల్లీపుట్ కథని మనలో చాలామందిమి బడిలో చదువుకున్నాం, మన పిల్లలకీ చెప్పుకున్నాం.

ఆ కథ రాసినాయన జొనాథన్ స్విఫ్ట్. ఐర్లండ్ రాజధాని డబ్లిన్‌లో సెయింట్ పాట్రిక్ కెథడ్రల్‌కి డీన్. అంటే ఆ పెద్ద చర్చికి ప్రధాన అధికారి అన్నమాట. చురకత్తి లాంటి కలం ఆయనది. మంత్రులు కూడా ఆ కలానికి జంకేవాళ్లు. అలాంటి మనిషికి ఉన్నట్టుండి గది గిర్రున తిరిగేది. కడుపులో వికారం పుట్టేది. చెవుల్లో హోరు మొదలయ్యేది. ఎదుటివాళ్ల మాట వినపడేది కాదు. ఇరవయ్యో పడిలో పట్టుకున్న ఈ బాధ డెబ్భై దాటినా వదల్లేదు.

ఆ జబ్బుకి అప్పుడు పేరు లేదు. పేరు లేని జబ్బు మనిషిని ఎన్ని రకాలుగా కష్టపెడుతుందో, చుట్టూ ఉన్నవాళ్లని ఎంత తికమక పెడుతుందో తెలుసుకోవాలంటే ఆయన జీవితం చూడాలి. చివరికి ఆయనకి పిచ్చి పట్టిందని లోకం చెప్పుకుంది. అది సరైన మాట కాదని తేలడానికి చాలా కాలం పట్టింది.

తండ్రి మొహం చూడని బిడ్డ

స్విఫ్ట్ 1667 నవంబరు 30న డబ్లిన్‌లో పుట్టాడు. తండ్రి అప్పటికే కన్నుమూశాడు. తల్లి ఎబిగైల్‌కి చేతిలో పెద్దగా డబ్బు లేదు. బిడ్డకి ఏడాది వయసప్పుడు విచిత్రమైన సంగతి జరిగింది. పసివాణ్ని పెంచుతున్న ఆయా తన ఊరికి, ఇంగ్లండులోని వైట్‌హేవెన్‌కి వెళ్తూ, తల్లికి చెప్పకుండా బిడ్డని కూడా తీసుకుపోయింది. వాణ్ని వదిలి ఉండలేక అలా చేసిందట. సంగతి తెలిశాక తల్లి, ఇంత చిన్నవాడికి మళ్లీ సముద్ర ప్రయాణం మంచిది కాదని అక్కడే ఉంచమని కబురు చేసింది. దాదాపు మూడేళ్లు ఆ ఆయా దగ్గరే పెరిగాడు. మూడేళ్ల వయసుకే బైబిలు చదివేలా ఆవిడ తయారుచేసిందని స్విఫ్ట్ తర్వాత రాసుకున్నాడు.

తిరిగొచ్చాక కూడా తల్లి ఒడి దక్కలేదు. ఆమె ఇంగ్లండులోని లీసెస్టర్‌లో తనవాళ్ల దగ్గరికి వెళ్లిపోయింది. పినతండ్రులు, పెదతండ్రుల దయ మీద చదువు సాగింది. కిల్కెనీలో బడి చదువు, డబ్లిన్ ట్రినిటీ కాలేజీలో పై చదువు. ఒకరి చెయ్యి కింద బతకడం అంటే ఏమిటో చిన్నప్పుడే తెలిసింది. పెద్దయ్యాక తన అనారోగ్యంతో మరొకరికి భారం కావాల్సి వస్తే ఆయన అంతలా బాధపడటానికి ఇదీ ఒక కారణమేమో.

1689లో ఐర్లండ్‌లో అల్లర్లు రేగాయి. స్విఫ్ట్ ఇంగ్లండుకి వచ్చి, సర్రే ప్రాంతంలోని మూర్ పార్క్ అనే బంగళాలో సర్ విలియం టెంపుల్ అనే పెద్దమనిషి దగ్గర కార్యదర్శిగా కుదిరాడు. అప్పుడాయన ఇరవయ్యో పడిలో ఉన్నాడు. ఆ ఇంట్లోనే ఇద్దరితో పరిచయమైంది. ఒకరు జీవితాంతం తోడున్న నేస్తం. రెండోది జీవితాంతం వదలని జబ్బు.

పళ్ల మీద పడ్డ నింద

నేస్తం సంగతి తర్వాత చూద్దాం. ముందు జబ్బు.

రిచ్‌మండ్‌లో ఉన్నప్పుడు ఒకసారి బంగారు రంగు చిన్న ఆపిల్ పళ్లు తెగ తిన్నాడట. ఆ దెబ్బకే తల తిరుగుడు పట్టుకుందని ఆయన నమ్మకం. ఇక చెవుడు సంగతి. కొన్నేళ్ల తర్వాత సర్రేలో ఆరుబయట తనకోసం ఒక కూర్చునే చోటు తయారుచేసుకున్నాడు. అక్కడే చదువుకుంటూ కునుకు తీసేవాడు. అక్కడ చలి పట్టి చెవుడు వచ్చిందని ఆయన లెక్క. ఇలా ఒకే ఒంట్లో ఉన్న రెండు బాధలకి రెండు వేర్వేరు కారణాలు కట్టుకున్నాడు. తల తిరగడం పొట్ట వల్ల, చెవుడు జలుబు వల్ల!

మనమైనా ఇంతే కదా. తల తిరిగితే పైత్యం అంటాం, వేడి చేసింది అంటాం. చెవి మూసుకుపోతే పడిశం అంటాం. రెండిటికీ సంబంధం ఉండొచ్చని తట్టదు. మూడు వందల ఏళ్ల కిందట ఆయనకి ఎలా తడుతుంది?

వైద్యులు గాలి మార్పు కావాలన్నారు. పుట్టిన గడ్డ గాలి పడుతుందేమోనని 1690లో ఐర్లండ్ వెళ్లాడు. ఏమీ గుణం కనిపించలేదు. మరుసటేడు తిరిగొచ్చేశాడు. అప్పటి నుంచి ఆయన తనకు తానే వైద్యుడు. పళ్లంటే ప్రాణం, కానీ మానేశాడు. ఇతరులు తింటుంటే చూసి నోరు కట్టుకోవడం ఎంత కష్టమో ఉత్తరాల్లో రాసుకునేవాడు. ఒళ్లు కదిలితే జబ్బు దూరమవుతుందని నమ్మాడు. మూర్ పార్క్‌లో ఉన్నప్పుడు రెండు గంటలకోసారి పుస్తకం మూసి కొండ మీదకి పరుగెత్తి దిగి వచ్చేవాడని చెబుతారు. ముసలితనంలో బయట వాన కురుస్తుంటే ఇంట్లో మెట్లే ఎక్కి దిగేవాడు.

ఒళ్లు కదలడం మంచిదే. కానీ పాపం ఆ పళ్లు ఏ తప్పూ చెయ్యలేదు. చెయ్యని నేరానికి యాభై ఏళ్లు శిక్ష అనుభవించాయి. వాటితో పాటు ఆయన నాలుకా అనుభవించింది.

స్టెల్లాకి రాసిన ఉత్తరాలు

ఇక నేస్తం సంగతి. ఆ బంగళాలో ఎనిమిదేళ్ల పిల్ల ఒకతె ఉండేది. పేరు ఎస్తర్ జాన్సన్. ఆమె తల్లి ఆ ఇంట్లో పనిచేసేది. స్విఫ్ట్ ఆ పిల్లకి చదవడం, రాయడం నేర్పాడు. తర్వాత ఆయన ఆమెని స్టెల్లా అని పిలుచుకున్నాడు. లోకానికి ఆ పేరే మిగిలింది.

టెంపుల్ 1699లో పోయాడు. స్విఫ్ట్ ఐర్లండ్‌లో లారకోర్ అనే పల్లెలో చర్చి బాధ్యత తీసుకున్నాడు. 1701లో స్టెల్లా కూడా తన పెద్ద నేస్తం రెబెకా డింగ్లీని వెంటబెట్టుకుని ఐర్లండ్ వచ్చేసింది. తన కొద్దిపాటి డబ్బుతో తన ఇల్లు తాను నడుపుకుంది. ఒకసారి దొంగలు ఇంటి మీద పడితే, ఇరవై నాలుగేళ్ల ఆ పిల్ల పిస్తోలు తీసి కిటికీలోంచి పేల్చింది. అంత గుండె ధైర్యం ఆమెది. స్విఫ్ట్, స్టెల్లా ఎప్పుడూ మూడో మనిషి లేకుండా కలుసుకునేవాళ్లు కాదు. వాళ్లు రహస్యంగా పెళ్లి చేసుకున్నారని కొందరంటారు. దానికి రుజువు లేదు. ఆయన్ని ప్రేమించిన మరో ఎస్తర్, వెనెస్సా పేరుతో ప్రసిద్ధురాలు, ఆ మూగబాధతోనే 1723లో పోయింది. ఆ ఆడవాళ్ల విషయంలో ఆయన న్యాయంగా ఉన్నాడా అని ఇప్పటికీ వాదించుకుంటూనే ఉన్నారు.

1710 నుంచి 1713 దాకా ఆయన ఎక్కువగా లండన్‌లోనే గడిపాడు. మంత్రులతో భోజనాలు, పత్రికల్లో రాతలు. ఎంత పనున్నా రాత్రి మంచమెక్కాక స్టెల్లాకి, రెబెకాకి ఆ రోజు జరిగినదంతా రాసేవాడు. అందులో 1710 అక్టోబరు 31 నాటి కబురు ఒకటుంది. పొద్దున పక్క మీద లేచి కూర్చోగానే గది ఒక నిమిషం పాటు తిరిగిందట. తర్వాత తగ్గింది కానీ కాస్త వికారం మిగిలిందట. వైద్యుడు కాక్‌బర్న్‌ని కలిస్తే పాత మాత్రలే మళ్లీ ఇస్తానన్నాడు. చెవిలో వేసుకోవడానికి ఒక నూనె కూడా చేసి పంపుతానన్నాడు.

ఎంత మామూలుగా రాశాడో చూడండి! ఇంట్లో ఆడవాళ్లకి బెంగ కలగకూడదని తేలిగ్గా చెప్పినట్టుంది. తన కోసం రాసుకున్న ఖర్చుల పుస్తకంలో మాత్రం జబ్బు లెక్క కూడా ఉండేది. ఏ నెలలో ఎన్నిసార్లు తల తిరిగింది, ఎప్పుడు మరీ ఎక్కువైంది అని చాకలి పద్దులాగా రాసిపెట్టుకునేవాడు. ఈనాటి వైద్యులు ఇలాంటి రోగులకి చెప్పే మొదటి సలహా కూడా అదే. ఎప్పుడు వచ్చింది, ఎంతసేపు ఉంది, చెవి ఎలా ఉంది అని రాసిపెట్టుకోమంటారు. ఎవరూ చెప్పకుండానే ఆయన ఆ పని చేశాడు. ఆ రాతలే చాలా ఏళ్ల తర్వాత ఆయన తరఫున సాక్ష్యం చెప్పాయి.

సన్న గొంతు వాళ్లతోనే మాటలు

1713లో డబ్లిన్‌లో డీన్ పదవి వచ్చింది. 1724లో ఐర్లండ్ ప్రజల మీద నాసిరకం రాగి నాణాలు రుద్దబోతే, ఒక బట్టల వ్యాపారి రాసినట్టుగా మారుపేరుతో ఉత్తరాలు అచ్చేశాడు. వాటి రచయితని పట్టిస్తే మూడు వందల పౌండ్లు బహుమానం అని ప్రభుత్వం ప్రకటించింది. ఎవరు రాశారో ఊరందరికీ తెలుసు. ఒక్కరూ నోరు విప్పలేదు. ఆ నాణాలు వెనక్కి పోయాయి. 1726లో గలివర్ కథ అచ్చయింది. ఊరంతా ఆయన్ని నెత్తిన పెట్టుకుంది.

ఆ కీర్తి అంతా బయట. లోపల చెవి హోరెత్తుతూనే ఉంది. ఏడు నీటి మిల్లులు ఒక్కసారి తిరుగుతున్నట్టుందని ఒక స్నేహితుడికి రాసిన ఉత్తరంలో పోల్చి చెప్పాడు. జబ్బు వచ్చినప్పుడు వారాల తరబడి గది దాటేవాడు కాదు. చెవుడు కొన్నాళ్లు ముంచుకొచ్చి, మళ్లీ కొంత తేరుకునేది. విన్నవాళ్లకి అదే అనుమానం. నిన్న బాగానే విన్నాడు, ఇవాళ వినపడదంటాడేమిటి? కావాలనే నటిస్తున్నాడా?

ఆయనే గమనించిన ఇంకో సంగతి ఉంది. బొంగురు గొంతు మగవాళ్ల మాట అందేది కాదు. సన్నగా, పై స్థాయిలో పలికే గొంతు వాళ్లతో మాత్రం మాట్లాడగలిగేవాడు. ఇలాంటి లోపలి చెవి జబ్బుల్లో మొదట పోయేది మంద్రస్థాయి శబ్దాలే. ఈ రోజుల్లో వినికిడి పరీక్ష చేసి కాగితం మీద గీత గీసి చూపిస్తారు. ఆయన ఏ యంత్రమూ లేకుండా స్నేహితుల గొంతులతోనే ఆ పరీక్ష చేసుకున్నాడు.

ఆ రోజుల్లో ఆయనకి ఆసరా స్టెల్లాయే. ఆయన మంచాన పడితే వచ్చి కూర్చునేది. విసుక్కుంటే ఓర్చుకునేది. తన జబ్బులో ఆమె చేసిన సేవ మీద 1720లో ఆయన ఒక కవితే రాశాడు. ఆమె పుట్టినరోజుకి ఏటా ఒక కవిత రాసి ఇచ్చేవాడు. వైద్యుల మాత్రలు, నూనెలు చెయ్యలేని పని ఆమె పలకరింపు చేసింది.

స్నేహితుడి ఇల్లు వదిలి

1727 వేసవిలో స్విఫ్ట్ ఇంగ్లండు వెళ్లి, తన ప్రాణస్నేహితుడు, కవి అలెగ్జాండర్ పోప్ ఇంట్లో దిగాడు. అక్కడ జబ్బు తిరగబడింది. ఈసారి తల తిరుగుడు, చెవుడు రెండూ కలిసి వచ్చాయి. ఇన్నేళ్లూ వంతులవారీగా వచ్చే పాత చుట్టాలిద్దరూ ఈసారి కూడబలుక్కుని వచ్చారని తన మీద తానే హాస్యమాడుకున్నాడు.

పోప్‌ది చిన్నప్పటి నుంచీ నలతగా ఉండే శరీరం. గొంతు చాలా నీరసంగా ఉండేది. ఆయన గట్టిగా మాట్లాడలేడు, ఈయనకి వినపడదు. ఇద్దరు గొప్ప మాటకారులు ఎదురెదురుగా కూర్చుని, మాటే అందక మొహాలు చూసుకోవడం ఎలా ఉంటుందో ఊహించండి. వచ్చే పోయే అతిథుల మధ్య ఈ రోగిష్టివాడు ఎందుకనుకుని స్విఫ్ట్ ఆ ఇల్లు వదిలి లండన్‌లో ఒక బంధువు దగ్గర బస చేశాడు. పోప్ ఎంతగానో నొచ్చుకున్నాడు. వెళ్లగొట్టింది స్నేహితుడు కాదు, చెవుడు.

అదే సమయంలో డబ్లిన్ నుంచి స్టెల్లాకి బాగా లేదని కబురు. సెప్టెంబరులో బయల్దేరాడు. వేల్స్ తీరంలోని హోలీహెడ్ దగ్గర గాలివాన పడవని కదలనివ్వలేదు. తల తిరిగే మనిషి, పలకరించేవాళ్లు లేని ఊళ్లో, అవతలి ఒడ్డున ఏ వార్త ఎదురుచూస్తోందో తెలియక వారం రోజులు పడిగాపులు కాశాడు. ఆ వారం ఒక చిన్న పుస్తకంలో రాసుకున్న రోజువారీ రాతలు ఇప్పటికీ మిగిలి ఉన్నాయి.

స్టెల్లా 1728 జనవరి 28న కన్నుమూసింది. ఆ సాయంత్రం ఆయన ఇంట్లో అతిథులున్నారు. రాత్రి ఎనిమిది గంటల వేళ ఒక పనివాడు చీటీ తెచ్చి ఇచ్చాడు. అతిథులు వెళ్లేదాకా ఆగి, ఆ రాత్రే కలం పట్టుకుని ఆమె గుణగణాలు రాయడం మొదలుపెట్టాడు. రెండు రోజుల తర్వాత రాత్రి పూట అంత్యక్రియలు. ఒంట్లో బాగాలేక ఆయన వెళ్లలేకపోయాడు. చర్చిలో వెలిగే దీపాలు తన కిటికీలోంచి కనిపిస్తాయని పడుకునే గది మార్చుకున్నాడు. అవతల గదిలో కూర్చుని ఆమె గురించి ఇంకొన్ని పేజీలు రాశాడు.

గుంపులో ఒంటరి

ఆ తర్వాత పదిహేడేళ్లు బతికాడు. చెవుడు పెరిగిన కొద్దీ మనుషులు తగ్గారు. నలుగురు కూర్చున్న చోట మాట అందకపోతే ఎవరో నవ్వుతారు, ఎందుకు నవ్వారో తెలియదు. మళ్లీ అడిగితే విసుగు. కొన్నాళ్లకి మనిషే వెళ్లడం మానేస్తాడు. 1734లో తన చెవుడు మీద లాటిన్‌లో, ఇంగ్లీషులో కవిత కట్టి నవ్వించాడు. ఆ నవ్వు వెనక దిగులు దాగలేదు. ఎప్పుడు తల తిరుగుతుందో తెలియని భయంతో దూర ప్రయాణాలు మానుకున్నాడు. ఇంగ్లండు మళ్లీ చూడలేదు.

కళ్ల విషయంలో మాత్రం ఆయనది మొండితనమే. కళ్లజోడు పెట్టుకోనని పంతం పట్టాడని, దాంతో చదవడం కూడా పోయిందని ఆయన జీవితం రాసినవాళ్లు చెబుతారు. వినలేని మనిషికి పుస్తకమే కదా తోడు. ఆ తోడుని చేజేతులా పోగొట్టుకున్నాడు.

చివరి ఏళ్లలో ఆయన్ని కనిపెట్టుకుని ఉన్నది మార్తా వైట్‌వే. పినతండ్రి కూతురు, అంటే వరసకి చెల్లెలు. జ్ఞాపకం చెదిరిపోతుంటే ఉత్తరాలు ఆవిడే చూసేది. 1742 ఆగస్టులో విచారణ జరిపి, ఆయన తన వ్యవహారాలు చూసుకునే స్థితిలో లేడని తేల్చి సంరక్షకుల్ని పెట్టారు. ఆ శరత్కాలంలో ఎడమ కన్ను కోడిగుడ్డంత వాచింది. ఒళ్లంతా కురుపులు. ఆ నొప్పికి కన్ను పీక్కోబోతుంటే అయిదుగురు మనుషులు పట్టుకున్నా ఆగలేదట. వారం తర్వాత వాపు తగ్గింది. అప్పుడు మార్తాని గుర్తుపట్టి, చెయ్యి పట్టుకుని, పేరు పెట్టి పిలిచాడు. ఆ వెలుగు ఒక్క రోజే. తర్వాత దాదాపు మూడేళ్లు మాట చాలా అరుదు. కన్ను వాచకముందు గదిలో గంటల తరబడి అటూ ఇటూ నడిచేవాడు. కోసిన మాంసం ముక్కలు బల్ల మీద పెట్టి వెళితే నడుస్తూనే తినేవాడు.

1745 అక్టోబరు 19న పోయాడు. కెథడ్రల్‌లో స్టెల్లా పక్కనే ఆయన సమాధి. తన ఆస్తిలో చాలా భాగం మనసు చెదిరినవాళ్ల ఆస్పత్రికి రాసిపెట్టాడు. 1757లో తలుపులు తెరిచిన ఆ సెయింట్ పాట్రిక్ ఆస్పత్రి ఇప్పటికీ నడుస్తోంది. కానీ లోకం నోరు ఊరుకుంటుందా? పిచ్చివాళ్లకి ఆస్పత్రి కట్టించి తానే పిచ్చివాడయ్యాడని కథలల్లింది. గలివర్ కథలో మనుషుల మీద ఆయన చూపిన కోపానికి కూడా ఆ పిచ్చే కారణమంది. జీవితమంతా ఆయన్ని వేధించిన తల తిరుగుడు ఆ పిచ్చికి తొలి గుర్తు అంది.

చెవి వైద్యుల తీర్పు

1835లో నేలలోకి నీరు చేరి కెథడ్రల్‌లో మరమ్మతులు చేస్తుంటే స్విఫ్ట్, స్టెల్లాల సమాధులు తెరవాల్సి వచ్చింది. పుర్రెలు చూడటానికి పండితులు ఎగబడ్డారు. ఆ గొడవంతా పరిశీలించి, ఉత్తరాలు కూడా చదివి, 1849లో ఒక పుస్తకం రాసినాయన డబ్లిన్ చెవి వైద్యుడు విలియం వైల్డ్. తర్వాతి కాలంలో పేరుపొందిన రచయిత ఆస్కార్ వైల్డ్‌కి తండ్రి. చివరి జబ్బు వచ్చేదాకా స్విఫ్ట్‌లో ఉన్మాదం గుర్తులే లేవని వైల్డ్ వాదించాడు.

అయినా ఒక చిక్కు మిగిలింది. ఆ తల తిరుగుడు మరి ఎక్కడిది? అప్పటి వైద్యశాస్త్రంలో తల గిర్రున తిరిగిందంటే మెదడులోకి రక్తం పొంగిందనే అర్థం. రక్తం తీసేవాళ్లు, జలగలు పట్టించేవాళ్లు.

1861 జనవరిలో పారిస్‌లో ప్రాస్పర్ మెనియేర్ అనే వైద్యుడు లేచి నిలబడి, తప్పు మెదడుది కాదు, లోపలి చెవిది అన్నాడు. ఆయన బధిరుల సంస్థలో వైద్యుడు. హోరు, చెవుడు, తల తిరుగుడు మూడూ కలిసి వచ్చే రోగుల్ని ఏళ్ల తరబడి చూశాడు. పావురాల చెవిలోని నాళాలు తెగితే అవి గిరికీలు కొడతాయని ఫ్లూరెన్స్ అనే శాస్త్రవేత్త అంతకుముందే చూపించి ఉన్నాడు. ఆ రెండిటినీ మెనియేర్ కలిపాడు. ఆ మాట లోకం ఒప్పుకోకముందే, 1862లో పోయాడు. ఈనాడు ఆ జబ్బుకి ఆయన పేరే ఉంది.

1882లో జాన్ బక్‌నిల్ అనే ఇంగ్లండు మానసిక వైద్యుడు స్విఫ్ట్ ఉత్తరాలు, లెక్కలు ముందేసుకుని కూర్చున్నాడు. ఏళ్ల తరబడి వచ్చి పోయిన తల తిరుగుడు, వికారం, హోరు, పెరిగి తరిగి చివరికి నిలిచిపోయిన చెవుడు. ఇది మెనియేర్ చెప్పిన జబ్బే అన్నాడు. చివరి మూడేళ్ల మతిమరుపు, మాట పడిపోవడం వేరే సంగతి. అది ముసలితనంలో మెదడుకి వచ్చిన జబ్బు. ఆ రెండిటినీ ముడిపెట్టడమే లోకం చేసిన పొరపాటు. చెవి జబ్బు మనిషిని పిచ్చివాణ్ని చెయ్యదు.

ఒకే ట్యాంకు, రెండు వాటాలు

చెవికీ తల తిరగడానికీ ఏమిటి సంబంధం అంటారా? ఒక ఇంట్లో రెండు వాటాలుంటాయి, మేడ మీద నీళ్ల ట్యాంకు మాత్రం ఒకటే. లోపలి చెవి సరిగ్గా అలాంటిదే. ఒక వాటాలో నత్తగుల్లలా రెండున్నర చుట్లు తిరిగిన గొట్టం ఉంటుంది. అది వినడానికి. రెండో వాటాలో మూడు అర్ధచంద్రాకారపు నాళాలు, రెండు చిన్న సంచులు ఉంటాయి. అవి మన తల ఎటు తిరిగింది, ఒళ్లు ఎటు వాలింది అని మెదడుకి చెప్పడానికి. రెండు వాటాల్లోనూ ఉండేది ఒకే ద్రవం. మెనియేర్ జబ్బులో ఆ ద్రవం ఎక్కువై పొంగుతుంది. రెండు వాటాలూ తడుస్తాయి. అందుకే వినికిడీ చెడుతుంది, తలా తిరుగుతుంది. మెనియేర్ జబ్బున్నవాళ్ల చెవుల్లో ఈ పొంగు ఉన్నట్టు 1938లో బయటపడింది. అది ఎందుకు పొంగుతుందన్నది మాత్రం నేటికీ పూర్తిగా తేలలేదు.

ఈ జబ్బులో తల తిరుగుడు ఇరవై నిమిషాల నుంచి కొన్ని గంటల దాకా ఉంటుంది. దాంతో పాటు చెవిలో హోరు, దిబ్బడ, వినికిడి తగ్గడం ఉంటాయి. పూర్తిగా నయం చేసే మందు ఇంకా లేదు. కానీ అదుపులో పెట్టే దారులున్నాయి. ఉప్పు తగ్గించమంటారు. ఊరగాయ, అప్పడం, ఎండు చేప అంటే పడిచచ్చే మన ఇళ్లల్లో ఇది కాస్త కష్టమే. అవసరాన్ని బట్టి మాత్రలు, చెవిలోకి ఇచ్చే ఇంజెక్షన్లు, నడక తూలకుండా ప్రత్యేక వ్యాయామాలు, వినికిడి యంత్రం ఉన్నాయి.

పక్క మీద ఒత్తిగిలితేనో, పైన అటక మీది డబ్బా అందుకోబోయి తల ఎత్తితేనో నిమిషం లోపు గిర్రున తిరిగి ఆగిపోతే అది వేరే జబ్బు. లోపలి చెవిలో ఉండే సన్నటి సున్నపు పలుకులు దారి తప్పి నాళంలోకి జారడం వల్ల వస్తుంది. ఇది ఆడవాళ్లలో ఎక్కువ. తలని ఒక పద్ధతిలో తిప్పి ఆ పలుకుల్ని వెనక్కి పంపే చికిత్సని జాన్ ఎప్లీ అనే వైద్యుడు 1992లో వివరంగా ప్రచురించాడు. చాలామందికి ఒకటి రెండుసార్లతోనే గుణం కనిపిస్తుంది. అయితే తెలిసిన వైద్యుల చేతే చేయించుకోవాలి.

మన ఇళ్లల్లో

వంట చేస్తూ చేస్తూ గట్టు పట్టుకుని నిలబడిపోయే అమ్మని చూసి, నీరసం, ఉపవాసాలు మానవు అని కేకలేస్తాం. పిలిస్తే పలకని అత్తగారిని, తనకి కావాల్సిన మాటలే వినపడతాయి అని వెనక నవ్వుకుంటాం. వినికిడి ఒకరోజు బాగుండి ఒకరోజు తగ్గే జబ్బులున్నాయని, ఒక గొంతు వినపడి మరో గొంతు వినపడకపోవచ్చని డీన్ గారి కథ చెబుతోంది కదా. ఇంకోసారి నవ్వే ముందు చెవి డాక్టరు దగ్గరికి తీసుకెళ్దాం.

తల తిరిగిన ప్రతిసారీ చెవే కారణం కాదు. రక్తపోటు, రక్తహీనత, షుగరు తగ్గడం ఏదైనా కావచ్చు. తల తిరగడంతో పాటు మాట తడబడినా, ఒక పక్క చెయ్యి కాలు లాగేసినా, ఒకటి రెండుగా కనిపించినా, నిలబడలేకపోయినా అది మెదడుకి సంబంధించినది కావచ్చు. వెంటనే ఆస్పత్రికి పరుగెత్తాలి. ఉన్నట్టుండి ఒక చెవి వినపడకుండా పోతే పడిశమేలే అని వారాలు గడపొద్దు. మొదటి రోజుల్లో మందు పడితేనే వినికిడి తిరిగొచ్చే అవకాశం ఎక్కువ. చెవిలో కాచిన నూనె, వెల్లుల్లి రసం పొయ్యొద్దు. లోపలి చెవికి అవి చేరనే చేరవు. కాక్‌బర్న్ గారి నూనె డీన్ గారికి చేసిన మేలెంతో, ఇవీ అంతే.

వినికిడి యంత్రం పెట్టుకోవడానికి సిగ్గుపడే పెద్దవాళ్లుంటే, కళ్లజోడు వద్దని పంతం పట్టి పుస్తకాలు పోగొట్టుకున్న ఈ మహానుభావుడి సంగతి చెప్పండి. వినపడనివాళ్లతో మాట్లాడేటప్పుడు అరవక్కర్లేదు. ఎదురుగా, వెలుతుర్లో కూర్చుని, మొహం కనిపించేలా నిదానంగా మాట్లాడితే చాలు.

స్టెల్లాకి వైద్యం తెలియదు. ఆ జబ్బు పేరు కూడా ఆమెకి తెలియదు. గది తిరుగుతోందని ఆయనంటే నమ్మింది, పక్కన కూర్చుంది. మందులు లేని కాలంలో ఆయనకి దక్కిన వైద్యం అదొక్కటే. మందులున్న ఈ కాలంలో కూడా, మొదటి వైద్యం అదే.